ముప్పై ఏడో మేకు

ముప్పై ఏడో మేకుకి రెండు ఇత్తడి బిళ్ళలు వేలాడుతున్నాయి.

అంటే పిల్ల వెళ్ళిపోయినట్టు. పెద్దవాళ్ళెవరో వచ్చి తీసుకుపోయినట్టు. గేటు పక్క గోడకి కొట్టిన ఆ చెక్క పలక చెప్పేది అంతే. బాలల నాటికల, నాట్యాల పోటీలకి వచ్చిన ప్రతి పిల్ల మెడలో ఒక బిళ్ళ. అదే నంబరు బిళ్ళ ఇంకొకటి ఆ పిల్లని తెచ్చిన పెద్దవాళ్ళ దగ్గర. రెండూ ఒకటైతేనే గేటు దాటనిస్తారు. తన అంశం అయిపోయిన పిల్ల చివరిసారి దాటాక రెండింటినీ ఆ నంబరు మేకుకి తగిలిస్తారు. పోయినేడు ఇవే పోటీల్లో పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల మాయమై ఈరోజుకీ దొరకలేదు. అందుకని ఈ ఏడు, 1982లో, కమిటీ ఈ రూలు పెట్టింది. పెట్టి, పలక ముందు నిలబడి పేపరుకి ఫొటో దిగింది.

డిటెక్టివ్ జయమణి ఆ రెండు బిళ్ళల్నీ చూసింది. తర్వాత తన పక్కన వానకి తడిసి వణుకుతున్న అసిరమ్మ అరచేతిలోకి చూసింది.

అసిరమ్మ చేతిలో మూడో బిళ్ళ ఉంది. దాని మీద కూడా ముప్పై ఏడే.

"నా రొంటినుంచి ఇది కదల్లేదు జయమణమ్మా," అంది అసిరమ్మ. "మూడు రోజులై ఇక్కడే ఉన్నాది. ఆడెవుడో నా గుంటని నాను తీసుకుపోయినానంటన్నాడు."

అసిరమ్మది జాలరిపేట. తట్ట నెత్తిన పెట్టుకుని ఊరంతా చేపలమ్మే మనిషి. ఆరేళ్ళుగా జయమణి ఇంటికి చేపలు ఆమే పోస్తోంది. నూకాలు ఆమెకి ఒక్కతే కూతురు. పదేళ్ళది. పేటలో పాఠశాల మాస్టారు నేర్పిన నాటికలో ముసలమ్మ వేషం. పొద్దున్న ఎనిమిదింటికి కూతుర్ని గేటులోపల వదిలి అసిరమ్మ హార్బరుకి పోయింది. ఒంటిగంటన్నరకి వచ్చింది. పిల్ల పన్నెండూ పదికే వెళ్ళిపోయిందని చెప్పారు. ఈ ఊళ్ళో చేపలమ్మే మనిషి పోలీసుల దగ్గర ఎంతసేపు ఏడిస్తే ఎవరైనా తలెత్తి చూస్తారో అసిరమ్మకి తెలుసు. అందుకే పరుగెత్తుకుంటూ జయమణి దగ్గరికి వచ్చింది. జయమణి పదకొండేళ్ళు ఆడ కానిస్టేబులుగా చేసి, పై అధికారి మీద ఫిర్యాదు రాసిచ్చి, ఉద్యోగం వదిలేసిన మనిషి. మందుల షాపు మేడమీద ఒక గది అద్దెకి తీసుకుని సొంతంగా దర్యాప్తులు చేస్తోంది.

ఇప్పుడు టైము మూడు గంటలు.

"ఎల్లాజీ," అంది జయమణి గేటు ముసలాయనతో. "నాటిక ఎన్నింటికి అయిపోయింది?"

"పదకొండూ ముప్పైయయిదుకి గంట కొట్టినారమ్మా."

"పన్నెండూ పదికి ముప్పై ఏడుని ఎవరు తీసుకెళ్ళారు?"

"ఎవురో ఆడమనిసి. గొడుగు కిందన ఉన్నాది. సెయ్యి సాపి టోకెనిచ్చినాది. పిల్ల మెడలోది తీసి సూసినాను. రెండూ ముప్పైయేడే. ఒగ్గీసినాను."

"ఆవిడ మొహం?"

ఎల్లాజీ నేలకేసి చూశాడు. "సూల్లేదు."

"పిల్ల మొహం?"

"తలకి తువ్వాలు సుట్టుకున్నాది. వర్సం కదమ్మా."

"మూడు రోజులు ఈ గేటు కాశావు. ఒక్క మొహం చూడలేదా?"

"నాను ముప్పయ్యేళ్ళు హార్బరు డాకు గేటు కాసినాను." ముసలాయన గొంతులో కొంచెం రోషం వచ్చింది. "టోకెను సూడాల, మొకం సూడకూడదు. మొకం సూస్తే మొగమాటం వస్తాది, మనోడని ఒగ్గీసీ బుద్ధి పుడతాది. దొరలు అదే నేర్పినారు, ఆళ్ళ తరవాతోళ్ళూ అదే నేర్పినారు. ముప్పయ్యేళ్ళలో ఒక్క తప్పుడు టోకెను దాటిపోలేదు నా సేతిమీంచి."

జయమణి పలక మీది నంబర్ల వరస చూసింది. సరుకు కాసే రూలు తెచ్చి పిల్లలకి పెట్టారు. బస్తాకి నంబరుంటే చాలు. పిల్లకి మొహం ఉంటుంది.

"సరే. మొహం చూడలేదు. ఏం చూశావో అది చెప్పు."

"సెయ్యి. మట్టిగాజులు కావు, బంగారంలాగున్నాయి. ఇంక... కాళ్ళు. పిల్ల కాలికి దెబ్బ తగిలినట్టున్నాది. నీళ్ళలో ఎర్రగా కారతన్నాది. ఏటమ్మా అని అడుగుదారనుకున్నాను. ఎనకాల నలుగురు నిలబడ్డారు. ఒగ్గీసినాను."

అసిరమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

"ఒక కాలా, రెండు కాళ్ళా?" అంది జయమణి.

ఎల్లాజీ కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "రెండూను."

జయమణి మేకు మీద బిళ్ళలు తీసి ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుంది.

"వాసన చూసి పట్టేస్తున్నావా? మా డిపార్టుమెంటులో కుక్క పోస్టు ఖాళీగా ఉంది, రికమెండు చేస్తాను."

వెనక్కి తిరగకుండానే ఆ గొంతు ఎవరిదో జయమణికి తెలిసింది. ఇన్‌స్పెక్టరు శ్రీరామ్మూర్తి. కమిటీ కబురుకి ఒక కానిస్టేబులుతో వచ్చాడు. ఒకప్పుడు తను సెల్యూట్ కొట్టిన మనిషి. తను రాసిచ్చిన ఫిర్యాదు ఈయన మీదే.

"పోస్టు మీరు ఖాళీ చేస్తే కదా సార్," అంది. "ఇది చూడండి. అసిరమ్మ దగ్గరున్న బిళ్ళ మూడు రోజులు రొంటిన ఉంది. చెమటకీ ఉప్పునీటికీ నల్లబడింది. చేపల వాసన దీన్ని వదలదు. పెద్దవాళ్ళదని మేకుకి తగిలించిన బిళ్ళ పొద్దున్న పెట్టెలోంచి తీసినట్టు మెరుస్తోంది. ఇది అసిరమ్మ చెయ్యి తగిలిన బిళ్ళ కాదు. దొంగ బిళ్ళ."

"కోర్టులో జడ్జిగారి ముక్కు దగ్గర పెడతావా?" శ్రీరామ్మూర్తి నవ్వాడు. "నేను చెప్తాను విను. ఈవిడే ఎక్కడో రెండో బిళ్ళ చేయించింది. పిల్లని ఏ సర్కసు వాళ్ళకో పంపించేసింది. ఈ ముసలాడు చూసీచూడనట్టు వదిలేశాడు. ఇప్పుడు ఇద్దరూ ఏడుస్తున్నారు. జీపు వస్తోంది, ఇద్దర్నీ స్టేషనుకి తీసుకెళ్తాను. రెండు తగిలిస్తే ఆరింటికల్లా కేసు క్లోజు."

"నాను నా గుంటని అమ్ముకున్నానా?" అంది అసిరమ్మ. అరవలేదు. మెల్లిగా, అర్థంకాని మాట విన్నట్టు అంది. ఆ మాట ఇన్‌స్పెక్టరు చెవిదాకా పోలేదు.

"ఏమైంది, ఏమైనా తెలిసిందా?"

లోపలినుంచి గొడుగు పట్టుకుని ఒకాయన వచ్చాడు. తెల్ల లాల్చీ, నెరిసిన జుట్టు, తేనెలాంటి గొంతు. కమిటీ సెక్రటరీ ఆనందకుమార్. మూడు రోజులుగా మైకులో నంబర్లు చదివేది ఆయనే. ఊళ్ళో సగం సభలకి మైకు ఆయన చేతిలోనే ఉంటుంది. బిళ్ళల రూలు కూడా ఆయన ఆలోచనే.

"ఖాళీ బిళ్ళలు ఎక్కడుంటాయండీ?" అంది జయమణి.

"కమిటీ గదిలో బీరువాలో. కానీ ఆ గదిలోకి అందరూ వస్తారమ్మా. మేకప్ సామాను అక్కడే, కుర్చీలు అక్కడే. బీరువాకి తాళం పడదు." నుదురు రుద్దుకున్నాడు. "నా ప్రాణం పెట్టి పెట్టుకున్న పద్ధతి ఇది. అయినా ఇలా జరిగింది. పాపం ఆ తల్లి మొహం చూడలేకపోతున్నాను."

మేకప్ అనగానే జయమణి ఆయన వైపు తిరిగింది. "మేకప్ ఆయన్ని పిలవండి."

గవర్రాజు చేతులకి రంగులతోనే వచ్చాడు. పొట్టి మనిషి. ఎల్లాజీ పక్కన కానిస్టేబులుని చూసి, "ఏటి బావా ఇది?" అన్నాడు. ఎల్లాజీ తల అడ్డంగా ఊపాడు.

"గవర్రాజుగారూ, నూకాలుకి ముసలమ్మ వేషం వేసింది మీరేనా?"

"నానే. తలకి జింకు పౌడరు కొబ్బరినూనెలో కలిపి పట్టించినాను. మొకం మీద గీతలు గీసినాను. ఆ గుంట అద్దంలో సూసుకుని మా మామ్మలాగున్నానని నవ్వినాది."

"ఆ తెలుపు వదలాలంటే?"

"కుంకుడుకాయలెట్టి రెండుసార్లు రుద్దాల. అరగంట పడతాది. ఉట్టి నీళ్ళకి వదల్దు, తువ్వాలుతో తుడిస్తే తువ్వాలంతా అవుతాది గానీ జుత్తు తెల్లగానే ఉంటాది."

"నాటిక అయ్యాక మీ దగ్గరికి వచ్చిందా?"

"రాలేదమ్మా. వస్తాదని నీళ్ళు కాగబెట్టుంచినాను."

"కాళ్ళకి ఏం పెట్టారు?"

"కాళ్ళకా?" గవర్రాజు వింతగా చూశాడు. "ముండమోపి ముసిల్దాని వేషమమ్మా. కాళ్ళకేటి పెడతాను? బూడిద రాసినాను."

"పారాణి ఎవరికి పెట్టారు?"

"డాన్సు గుంటలకి. పొద్దున్నే పెట్టీసినాను అందరికీ. ఆరాలి కదా."

జయమణి ఎల్లాజీ వైపు తిరిగింది. "రెండు కాళ్ళ నుంచీ ఎర్రనీళ్ళు కారాయన్నావు. అది నెత్తురు కాదు. వానకి కరిగిన పారాణి. పన్నెండూ పదికి ఈ గేటు దాటింది నూకాలు కాదు. నూకాలు బిళ్ళ వేసుకున్న ఇంకో పిల్ల. డాన్సు పిల్ల."

ఆనందకుమార్ పలక వైపు చూశాడు. తాటాకుల చూరు మీంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

ముందు శ్రీరామ్మూర్తే తేరుకున్నాడు. "ఇంకో పిల్ల పోతే ఇంకో తల్లి వచ్చి ఏడిచేది. ఏడిచిందా? కంప్లెయింటు వచ్చిందా?"

"పలక చూడండమ్మా," అన్నాడు ఆనందకుమార్ మెత్తగా. "డాన్సు పిల్లలవి నలభై ఒకటి నుంచి అరవై. ఇరవై మేకులూ ఖాళీ. ఒక్కరు కూడా బయటికి పోలేదు."

"పలకని అడగొద్దు. పిల్లల్ని నిలబెట్టి మొహాలు లెక్కపెట్టండి."

"మూడున్నరకి డాన్సులు మొదలవుతున్నాయి. జడ్జీలు కూర్చున్నారు. ఇప్పుడు పిల్లల్ని బెదరగొడితే ఎలా? ఎలాగూ ఒక్కొక్కరినీ పేరుపేరునా మైకులో పిలుస్తాను కదా. అందరూ వస్తారు, మీరే చూద్దురుగాని." ఆయన వెళ్ళబోతూ ఆగాడు. "అయితే నూకాలు లోపలే ఉందంటారా?"

"లోపలే ఉంది. బయటికి పోయిందని మీ పలక చెప్పింది కాబట్టి లోపల ఒక్కడూ వెతకలేదు."

"దేవుడి దయవల్ల అదే నిజం కావాలి," అని ఆయన గొడుగు సర్దుకుని వెళ్ళిపోయాడు.

"మూడున్నరకి జీపు," అన్నాడు శ్రీరామ్మూర్తి, గోడ గడియారం చూస్తూ. "నీ కథలు ఈలోగా చెప్పుకో."

"సార్, ఒక పిల్లని ఎవరో ఊరు దాటించి మూడు గంటలైంది. మీరు చేపల తట్ట మోసే మనిషిని స్టేషనుకి మోసుకుపోతున్నారు. రోడ్ల మీద ఒక్క చెక్‌పోస్టుకైనా ఫోను చెయ్యండి."

"ఏమని చెయ్యను? పేరు తెలీదు, నంబరు తెలీదు, పోయిందో లేదో తెలీదు. కాళ్ళు ఎర్రగా ఉన్న పిల్లని ఆపండి అనా?"

ఆ మాట నిజమే. అందుకే ఆయన మీద ఇంకా ఒళ్ళు మండింది.

ఆమె అసిరమ్మ భుజం మీద చెయ్యి వేసి, "దెబ్బలకి భయపడి దేనిమీదా వేలిముద్ర వెయ్యకు," అని చెప్పి లోపలికి నడిచింది.

స్టేజి వెనక వరండా. ఒక పక్క పిల్లలకి వేషాలు వేసే గది. ఇంకో పక్క స్టేజికి ఎక్కే మూడు మెట్లు. మెట్ల కింద చిన్న తలుపు. పాత బల్లలూ చిరిగిన తెరలూ పడేసే చోటు, స్టేజి పలకల కింద. తలుపుకి బయట గడియ ఉంది, వేసి లేదు.

జయమణి వంగి చూసింది. తలుపు అంచున నేలకి మూడడుగుల ఎత్తులో ఒక తెల్లటి మరక. జయమణి వేలితో తాకి చూసింది. జిడ్డుగా ఉంది. కొబ్బరినూనె వాసన.

టార్చి వెలిగించి లోపలికి పాకింది. తలుపు వెనకాలే మూసుకుంది. లోపల ఎలక కంపు, తడిసిన గుడ్డల కంపు. చుట్ట చుట్టి పెట్టిన తెరల వెనక వెలుతురు పడేసరికి ఒక ముసలిదాని తల కనిపించింది. తెల్ల జుట్టు, ముడతల మొహం, ఆ మొహంలో పదేళ్ళ పిల్ల కళ్ళు. ఒళ్ళు మాత్రం పిట్టంత.

"నూకాలూ, భయపడకు. మీ అమ్మ పంపింది. శుక్రవారం శుక్రవారం మీ అమ్మ చేపలు పోసే ఇల్లు మాదే."

పిల్ల కదల్లేదు. "నా బిళ్ళ నేదు."

"ఫరవాలేదు."

"బిళ్ళ నేపోతే మా నాటకం కొట్టీస్తారంట. మాస్టారు సెప్పినారు. పేటోళ్ళందరూ సందాలేసుకుని గుడ్డలు కుట్టించినారు. నా వల్ల కొట్టీస్తే..." మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. "అది సాయంత్రం వచ్చీస్తానన్నాది. బిళ్ళ తెచ్చిచ్చీస్తానన్నాది. రాలేదు."

"ఎవరు?"

"గౌరీశ్వరి."

జయమణి నేలమీదే కూర్చుంది. గొంతు తగ్గించింది. "మొదట్నుంచీ చెప్పు."

"నిన్న స్టేజీ రిహార్సలు అయినాక నల్లతెర ఎనకాల నిలబడ్డాను. తెర అవతల్నుంచి ఎవరో మాటాడినారు. ముప్పై ఏడూ, బాగా చేశావు, నీకు మద్రాసులో సినిమా వేషం ఇప్పిస్తాను, రేపు పన్నెండుకి వెనక వరండాలో గొడుగేసుకుని ఒకావిడ వస్తుంది, బిళ్ళ చూపించి ఆవిడతో వెళ్ళు, మీ అమ్మకి నేను చెప్తాను, నువ్వెవరికీ చెప్పకు అన్నారు. నాను తెర తీసీసరికి ఎవులూ నేరు."

"నువ్వు వెళ్ళలేదేం?"

"మా యమ్మ సందేళ ఒక్కర్తీ ఎలాగుంటాది?" నూకాలు ముక్కు తుడుచుకుంది. "గౌరీశ్వరికి సెప్పినాను. అది ఆస్టలు గుంట. దానికి అమ్మా అయ్యా ఎవులూ నేరు. నానెల్తాను, నీ బిళ్ళ నాకియ్యి, నా బిళ్ళ నువ్వుంచుకో అన్నాది. ఎర్ర రిబ్బనిచ్చినాది."

ఎల్లాజీ ఒక్కడే కాదు. ఎత్తుకుపోవడానికి వచ్చిన గొడుగు మనిషి కూడా మొహం చూడలేదు. బిళ్ళ చూసింది, మెడలో ముప్పై ఏడుంది, తీసుకుపోయింది. ఈ పిల్లల్ని కాసేవాళ్ళకీ ఎత్తుకుపోయేవాళ్ళకీ నంబరే కావలసింది.

"హాస్టలు పిల్లలకి పెద్దవాళ్ళెవరు?"

"ఆయమ్మ ఉన్నాది. అందరి బిళ్ళలూ సంచీలో ఏసుకుని పోతాది. ఆరింటికి వస్తాది."

అందుకే ఎవరూ ఏడవలేదు. ఆరింటిదాకా గౌరీశ్వరి కోసం ఈ భూమ్మీద ఒక్క మనిషి కూడా వెతకదు.

నూకాలు గుప్పిట విప్పింది. ఎర్ర రిబ్బనుకి కట్టిన ఇత్తడి బిళ్ళ. యాభై రెండు.

ఇప్పుడు పేరుంది. నంబరుంది. శ్రీరామ్మూర్తి ఫోను చెయ్యకుండా తప్పించుకోలేడు. జయమణి పిల్ల చెయ్యి పట్టుకుని లేవబోయింది. అప్పుడే తలమీద పలకలు అదిరేలా గంట మోగింది. డాన్సులు ఆలస్యంగా ఇప్పుడే మొదలవుతున్నాయి. వాచీ చూసింది. మూడూ యాభై. బయట ఎక్కడో జీపు స్టార్టయి, గేరు మారి, చప్పుడు దూరమైంది. ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చి తీసుకుపోయింది. అసిరమ్మనీ, ఎల్లాజీనీ, వాళ్ళతో బాటు ఫోను చెయ్యగల ఒక్క మనిషినీ.

పైన మైకు గరగరలాడింది.

"మొదట హాస్టలు బాలికల అంశాలు. నంబరు యాభై రెండు. కుమారి గౌరీశ్వరి. రంగస్థలం మీదకి రావాలి."

నూకాలు గోళ్ళు జయమణి చేతిలో దిగాయి.

"యాభై రెండు. కుమారి గౌరీశ్వరి."

"ఆ గొంతే," అంది నూకాలు. ఊపిరితో అంది. "తెర ఎనకాల ఆ గొంతే."

జయమణి టార్చి ఆర్పేసింది. తేనెలాంటి గొంతు. పాపం ఆ తల్లి అన్న గొంతు. నూకాలు లోపలే ఉందంటారా అని అడిగిన గొంతు. లోపలే ఉందని తన నోటితోనే చెప్పింది తను.

"యాభై రెండు..."

మూడోసారి పేరు పూర్తిగా రాలేదు. మధ్యలో ఆగింది. తల మీద పలకల మీద గజ్జెల చప్పుడు లేదు. హాల్లో జనం గుసగుసలు. తను పంపించింది ఎవరినో, పంపకుండా మిగిలింది ఎవరో ఆ మనిషికి ఆ క్షణాన తెలిసింది. మైకు టక్కుమని ఆగిపోయింది.

అడుగులు. స్టేజి మీద నెమ్మదిగా, తొందర లేకుండా. మొదటి మెట్టు. రెండోది. మూడోది. తలుపు దగ్గర ఆగాయి. తలుపు అంచున మూడడుగుల ఎత్తులో ఆ తెల్లమరక తను తుడవలేదని జయమణికి గుర్తొచ్చింది.

తలుపు తెరుచుకోలేదు. బయట గడియ పడింది.

మళ్ళీ మెట్లు. మళ్ళీ మైకు. "నంబరు యాభై రెండు రద్దు చేయడమైనది. యాభై మూడు, రావాలి." మద్దెల రికార్డు మొదలైంది. పలకల మీద గజ్జెలు దబదబలాడాయి. ఇంక కిందనుంచి ఎంత అరిచినా పైకి వినపడదు.

చీకట్లో నూకాలు అడిగింది. "గౌరీశ్వరి మద్రాసు ఎల్లిపోయుంటాదా?"

పన్నెండూ పది నుంచి మూడూ యాభై రెండు. మూడు గంటల నలభై రెండు నిమిషాలు. జయమణి యాభై రెండో బిళ్ళని గుప్పిట్లో బిగించి, చీకట్లో చేత్తో తలుపు బందుల కోసం వెతకడం మొదలుపెట్టింది.